కొమ్ము కాదు, జననాంగం చూడండి (ఉదయగిరి కొండ పేడపురుగు ప్రశ్నకు)

ఉదయగిరి కొండమీద దొరికిన రెండు మగ పేడపురుగులు రెండు వేరే జాతుల పేర్లకు సరిపోతున్నాయని, ఇది కొత్త జాతేమోనని అడిగారు. మీరు తేడాను కొమ్ములో వెతుకుతున్నారు, చిక్కంతా అక్కడే. ఈ పేడపురుగుల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఆంథోఫాగస్‌లో చాలా జాతుల మగవాటికి కొమ్ము రెండు రకాలుగా ఉంటుంది. లార్వా దశలో తిండి చాలకపోతే అది చిన్న బుడిపెలా మిగిలిపోతుంది. మీ రెండు మగ పురుగులు రెండు వేరే పేర్లకు సరిపోతున్నది బహుశా అందుకే.

1. మగదాన్ని వేడినీళ్లలో కీళ్లు వదులయ్యేదాకా నానబెట్టండి.

2. పొట్ట చివరి పలక కింద నుంచి సన్నటి ఫోర్సెప్స్‌తో జననాంగం బయటికి లాగండి. గోధుమరంగు గట్టి గొట్టంలా వస్తుంది, కొసన జంట పలకలుంటాయి. అందరూ వదిలేసేది ఈ పలకల్నే. 2000కు పైగా జాతులున్న ప్రజాతిలో రంగు, సైజు నమ్ముకుంటే తేలదు. పెంచలకోన దగ్గర పట్టినవాటితో నేనూ నెలల తరబడి రంగు చుట్టూనే తిరిగాను, ఈ పలకలు చూశాకే తేలింది.

3. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండ కరగనిచ్చి (గ్లవ్స్ తప్పనిసరి), బాగా కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టండి. పైనుంచి, పక్కనుంచి ఫోటోలు తీయండి.

4. దగ్గరి జాతుల టైప్ నమూనాలతో (ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన పురుగులతో) పోల్చండి. కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు రాసి అడగండి.

అప్పటికీ తేడా నిలిస్తే ఒక్క పురుగునే హోలోటైప్‌గా (కొత్త జాతి పేరుకు ఆధారమైన ఏకైక నమూనాగా) ప్రకటించి మ్యూజియంలో పెట్టండి. కొత్త జాతి వివరణ ఆన్‌లైన్‌లోనే వచ్చే జర్నల్‌లో వేస్తే, ముందు జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక రిజిస్టర్‌లో) నమోదు చేయించాలి, 2012 నుంచి అదే నియమం. రిజర్వు అడవిలో మళ్లీ పట్టేముందు మాత్రం అటవీశాఖ అనుమతి తీసుకోండి.