పాత జేబు గడియారాలు పది వేలలో దొరుకుతాయా, కొంటే రేటు పెరుగుతుందా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. తాతగారి ట్రంకుపెట్టెలో జేబు గడియారం దొరికింది, అది చూశాక ఇలాంటివి ఇంకో నాలుగైదు సేకరించాలనిపిస్తోంది, ఒక్కోటి పది వేల లోపు వస్తుందా అన్నది ఒకటి. కొని దాచుకుంటే పదేళ్లలో రేటు పెరుగుతుందా అన్నది రెండోది. పది వేలలో దొరుకుతాయి. రేటు మాత్రం, నా అనుభవంలో, మామూలు వాచీలకి పెద్దగా పెరగదు. నా దగ్గరున్న పద్నాలుగింటిలో ఒకటి రెండు బాగానే పెరిగాయి కానీ, వాటిలో పెరిగింది వాచీ విలువ కాదు. ఆ సంగతి కింద చెబుతాను.

నేను 2011 నుంచి ఎనిమిదేళ్లు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం హారిస్‌బర్గ్ దగ్గర ఉద్యోగం చేశాను. అక్కడికి ముప్పావుగంట దూరంలో లాంకాస్టర్. 1892లో హామిల్టన్ వాచీల కంపెనీ పుట్టిన ఊరు. ఆ పక్కనే కొలంబియాలో ఒక పెద్ద గడియారాల మ్యూజియం. ఇంకొంచెం ముందుకెళ్తే ఆడమ్స్‌టౌన్, ప్రతి ఆదివారం పాత సామాన్ల సంత. శనివారం ఇండియన్ స్టోర్‌కి, ఆదివారం సంతకి. మా ఆవిడ మొదట్లో నవ్వేది, తరవాత డబ్బు లెక్క అడగడం మొదలుపెట్టింది.

మొదటి వాచీ ఎల్జిన్, 45 డాలర్లు. వందేళ్ల నాటిది ఇంత చవకా అని పొంగిపోయాను. తరవాత తెలిసింది, ఎల్జిన్ కంపెనీ వందేళ్లలో సుమారు 6 కోట్ల వాచీలు చేసింది. వాల్తమ్ అనే ఇంకో అమెరికన్ కంపెనీవి కూడా కోట్లలోనే. పాతది అంటే అరుదైనది అని మనం అనుకుంటాం, ఈ వాచీల విషయంలో అది తప్పు. అమెరికాలో ప్రతి మూడో ఇంట్లో ముసలాయన సొరుగులో ఒకటి ఉంటుందేమో అనిపిస్తుంది. పైగా వీటిని ఇష్టంగా సేకరించిన తరం పెద్దదైపోయింది. వాళ్లు పోయాక పిల్లలు పెట్టెలు పెట్టెలుగా వేలానికి పంపుతున్నారు. సరుకు పెరిగింది, కొనేవాళ్లు తగ్గారు. 2014లో జెనీవా వేలంలో పటేక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీ వారి జేబు గడియారం ఒకటి సుమారు 2.4 కోట్ల డాలర్లకి పోయిందని వార్త వచ్చింది చూడండి, అది వేరే ప్రపంచం. ఆ వార్త చదివి మీ తాతగారి వాచీకి ధర కట్టకండి.

ఆ ఎల్జిన్ రెండు నెలలకి ఆగిపోయింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే విప్పి, కడిగి, ఆయిలింగ్ చేసి, కీ ఇస్తే బిగుసుకునే మెయిన్ స్ప్రింగ్ మార్చడానికి 140 డాలర్లు అన్నాడు. 45 వాచీకి 140 వైద్యం. అంతా అయ్యాక అమ్మితే 80 కూడా రాదు. ఈ ఒక్క లెక్క ముందే తెలిసుంటే మొదటి ఏడాది ఆరు వాచీలు కొనేవాణ్ని కాదు, రెండే కొనేవాణ్ని. అన్నట్టు, ‘ఎక్కువ కీ ఇచ్చాను, అందుకే ఆగిపోయింది’ అని చాలామంది అంటారు. నిండా కీ ఇస్తే వాచీ పాడవదు. లోపల ఆయిల్ ఎండి జిడ్డుగట్టి ఆగుతుంది.

ఇంకో రకం నష్టం కూడా చెప్పాలి. ఒక వాల్తమ్ నా చేతిలోంచి జారి వంటింటి టైల్స్ మీద పడింది. రెండడుగుల ఎత్తు కూడా లేదు. అద్దం పగల్లేదు, చిన్న సొట్ట కూడా లేదు, కానీ నడవలేదు. లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొనలు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. ఆ కాలపు వాచీల్లో వాటికి దెబ్బ తగలకుండా ఏ ఏర్పాటూ లేదు. ఇరుసు కొత్తది వేసి సరిచేయగల మనిషి దొరకడమే కష్టం. నన్నడిగితే పాత వాచీ కొనేముందు వాచీని కాదు, మెకానిక్‌ని వెతుక్కోవాలి.

ఇక రేటు పెరిగిన సంగతి. 2011లో బంగారం ఔన్సు 1,900 డాలర్ల దాకా వెళ్లింది. ఆ చలికాలం ఆడమ్స్‌టౌన్‌లో ఒకాయన బల్ల మీద ప్లాస్టిక్ డబ్బా చూశాను. అందులో ముప్పై దాకా వాచీ మిషన్లు, తెల్లటి డయల్స్, ముళ్లతో సహా. కేసులు, అంటే బయటి లోహపు డొప్పలు, లేవు. గుల్ల ఊడదీసిన నత్తల్లా ఉన్నాయి. ఒకటి అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పితే బ్యాలెన్స్ చక్రం పదిసార్లు ఊగి ఆగింది. ‘కేసులేవి?’ అంటే, ‘కరిగించేశారు’ అన్నాడు. బంగారు కేసులు రిఫైనరీకి, మిషన్లు ఇటు. ఒక్కోటి పది డాలర్లు. అందులో ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీద గాజు మూత కింద ఉంది.

కాబట్టి ఈ మార్కెట్లో రేటు పెరగడం అంటే చాలాసార్లు లోహం రేటు పెరగడమే. నా లెక్కే చెబుతాను. 2012లో తాళంచెవితో కీ ఇచ్చే ఒక పాత వాల్తమ్ 95 డాలర్లకి కొన్నాను, అప్పటి మారకంలో ఐదు వేల రూపాయలు. కేసు 90 శాతం వెండి, మిషన్ తీసేస్తే 90 గ్రాముల బరువు. అంటే అసలు వెండి 81 గ్రాములు. అప్పుడు ఆ వెండి విలువ ఐదు వేలకి కొంచెం తక్కువ. కిలో వెండి లక్షన్నర అనుకున్నా అదే 12 వేలు దాటుతుంది. వాచీలో ఏ మార్పూ లేదు. కొనేవాళ్లు కూడా వెండి ధర మీద ఓ వెయ్యో రెండు వేలో వేసి అడుగుతున్నారు, అంతే. మా వీధి చివర వెండి కొట్టాయన ‘మిషన్ పీకేసి కేసు తెండి సార్, తూకం వేస్తా’ అన్నాడు. ఆయనకి చూపించడమే నాది తప్పు.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. వెనక మూత లోపల సిల్వరాయిడ్, సిల్వరైన్ లాంటి పేర్లుంటే అది వెండి కాదు, నికెల్ కలిసిన లోహం. బంగారానికి కూడా అంతే. ‘14 కె’ అని రాసి దాని పక్కన 20 ఏళ్లు, 25 ఏళ్లు అని గ్యారంటీ ఉంటే అది గోల్డ్ ఫిల్డ్, ఇత్తడికి రెండు పక్కలా పలచటి బంగారు రేకు. ఆ ఏళ్లు రేకు అరగకుండా ఉండే గడువు. గొలుసు తగిలించే రింగు దగ్గర, మూత అంచున చూడండి, అరిగినచోట ఇత్తడి బయటపడి ఉంటుంది. ఇంగ్లండు వెండి కేసులు నయం. నడుస్తున్న సింహం గుర్తు ఉంటే స్టెర్లింగ్ వెండి, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది, పక్కనున్న అక్షరాన్ని బట్టి ఏ ఏడాదిదో తెలుస్తుంది.

లోహంతో సంబంధం లేకుండా రేటు నిలబెట్టుకున్నవి అమెరికన్ రైల్‌రోడ్ వాచీలు. వాటి కథ బాగుంటుంది. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక ఇంజన్ డ్రైవరు వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడవడమే కారణమని చెబుతారు. తరవాత వెబ్ బాల్ అనే క్లీవ్‌లాండ్ నగల వ్యాపారికి వాచీలు తనిఖీ చేసే పని అప్పగించారు. ఆయన పెట్టిన నిబంధనల నుంచే రైల్‌రోడ్ వాచీల ప్రమాణాలు వచ్చాయి. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు, కనీసం 17 రాళ్లుండాలి (ఇరుసులు అరగకుండా లోపల బిగించే చిన్న కెంపుల్లాంటివి), పడుకోబెట్టినా నిలబెట్టినా ఐదు భంగిమల్లో సరిగ్గా నడవాలి. టైమ్ మార్చాలంటే ముందు అద్దం తిప్పి తీసి, లోపలి చిన్న లివర్ లాగాలి. పొరపాటున పైన కీ ఇచ్చే మర తగిలి ముల్లు జరగకుండా ఆ ఏర్పాటు.

నా హామిల్టన్ 992, 21 రాళ్లది, 2014లో 240 డాలర్లకి కొన్నాను. ఇప్పుడు అలాంటిది నాకు 350 ప్రాంతంలో కనిపిస్తోంది. లాభమే కదా అనకండి, ఈ మధ్యలో రెండు సర్వీసింగులకి 300 అయ్యాయి. అయినా అది అమ్మను. మా మామగారు కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. ఈ వాచీ చేతిలో పెడితే ముందు చెవి దగ్గర పెట్టుకున్నారు. ‘బండి కదిలే ముందు స్టేషన్ గడియారంతో టైమ్ సరిచూసుకుని డ్రైవరుకి చెప్పేవాళ్లం’ అన్నారు. కిప్టన్ సంగతి, 30 సెకన్ల సంగతి చెప్పాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున ఏడింటికి ఫోను పక్కన పెట్టి కేలండర్ మీద రాసుకున్నారు. వారం తిరిగేసరికి 40 సెకన్లు వెనక. ‘ఫెయిల్ అల్లుడూ’ అని తిరిగిచ్చారు.

మన దగ్గర కొనడం వేరే ఆట. 2019లో తిరిగొచ్చాక పాతబస్తీలో ఒక షాపులో 3,500 పెట్టి ఒకటి కొన్నాను. వెనక రైలింజన్ బొమ్మ, డయల్ మీద ఎర్ర అక్షరాలు, బ్రిటిష్ కాలంలో రైల్వే వాళ్లకి ఇచ్చిందని కథ. అన్నేళ్ల అనుభవం ఉండి కూడా వెనక మూత తెరిపించకుండా డబ్బులిచ్చాను, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. ఇంటికొచ్చి తెరిస్తే పెద్ద కేసు మధ్యలో ఇత్తడి చట్రం, అందులో ఆడవాళ్ల చేతి వాచీ మిషన్ బిగించి ఉంది. మూత తెరిచి చూపించనంటే ఆ వాచీ కొనకండి, ధర ఎంత తగ్గించినా సరే.

అసలైనవి మన ఊళ్లలో దొరికితే ఎక్కువగా వెస్ట్ ఎండ్, ఫావ్రే లూబా లాంటి స్విస్ వాచీలు. రాస్కోఫ్ రకం కూడా వస్తాయి. 1867 ప్రాంతంలో రాస్కోఫ్ అనే ఆయన కూలివాళ్లు కూడా కొనుక్కునేలా 20 ఫ్రాంకుల వాచీ చేయాలని తయారుచేసిన పద్ధతి అది. రాళ్ల బదులు పిన్నులు, పక్కగదిలోకి వినిపించే టిక్‌టిక్. చవకగా వస్తాయి, కానీ మెకానిక్‌లు ముట్టుకోరు.

మీ బడ్జెట్‌కి నేనైతే ఇలా కొంటాను: 15 లేదా 17 రాళ్ల ఎల్జిన్ గానీ వాల్తమ్ గానీ, ఈమధ్యే సర్వీసింగ్ అయినది, ఒకటే. డయల్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎనామిల్ మీద వెంట్రుక పగుళ్లు ఒకటి రెండుంటే పర్లేదు, అంచు ఊడి ఉంటే వద్దు. మిషన్ మీద నంబరుంటుంది, దాన్ని బట్టి ఏ ఏడాదిదో నెట్‌లో చూసుకోవచ్చు. కేసు మీద నంబరు వేరు, దాన్ని పెట్టి వెతికితే తప్పు ఏడాది వస్తుంది. పైమూత ఉన్న వాచీ అయితే మర నొక్కిపట్టుకుని మూత వేయమనండి, చటుక్కున వేస్తే కొక్కెం అరుగుతుంది. అది తెలియని అమ్మేవాడి దగ్గర మిగతా కథలు కూడా నమ్మొద్దు.

ఇక్కడ కొని ఆన్‌లైన్‌లో విదేశీయులకి అమ్మి లాభం చేసుకుందాం అన్న ఆలోచన ఉంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం గురించి ముందు కనుక్కోండి. వందేళ్లు దాటిన వస్తువు దాని కిందకి వస్తే దేశం దాటించడానికి వీల్లేదు.

ఇక మీ తాతగారిది. ఇప్పుడే కీ ఇవ్వకండి, ఎండిన ఆయిల్ మీద నడిపితే ఇరుసులు అరుగుతాయి. పాలిష్ చేయించకండి, డయల్ కడగకండి. వెనక మూత అంచున గోరు పట్టే చిన్న గాడి ఉంటుంది, లేకపోతే స్క్రూలాగా తిరిగే మూత అయ్యుంటుంది, అరచేతిలో పట్టుకుని ఎడమవైపు తిప్పండి. లోపల మిషన్ కనిపించేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏమిటో చెబుతాను. మూత రాకపోతే రాలేదని చెప్పండి, కూరగాయల కత్తి మాత్రం పెట్టకండి.