లాప్‌టాప్ ఇక్కడ కొనీమంటావా, అక్కడికెళ్ళి కొనమంటావా మాఁవయ్యా?

జూన్‌లో ఒడిశాలో మా ఊరు పర్లాకిమిడి వచ్చి నాలుగు రోజులు కాలేదు, ఆగస్టుకి అమెరికా వెళ్ళే మా వీధి పిల్లలు ముగ్గురూ వాళ్ళ నాన్నల్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం వచ్చేసింది, వీసా అయిపోయింది, ఇంక మిగిలింది లాప్‌టాప్. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న, నేను పైన రాసినదే. అందులో ఒక బాబైతే అప్పుడే బరంపురం వెళ్ళి లక్షా పది వేల గేమింగ్ లాప్‌టాప్ చూసొచ్చాడు, అడ్వాన్స్ ఒక్కటే ఇవ్వలేదు. ఏటి చదువుతావురా అంటే డేటా సైన్స్ అన్నాడు. లోన్ ఎంత తీశారు అంటే వాళ్ళ నాన్న కిటికీ వైపు చూశాడు.

నేను డల్లాస్ పక్కన పద్నాలుగేళ్ళ నుంచి ఉంటున్నాను, ఈ ప్రశ్న ఏటా వస్తుంది, అందుకే ఒక్కసారి రాసి పడేస్తే వాట్సాప్‌లో పంపుకోవచ్చని కూర్చున్నా.

ముందు సంగతి, ఇంట్లో నడిచే లాప్‌టాప్ ఏదైనా ఉంటే దాన్నే పట్టుకెళ్ళండి. బీటెక్‌లో వాడినదైనా సరే, అక్కదైనా సరే. అక్కడికెళ్ళాక మీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చెప్తారు, చాలా యూనివర్సిటీల వెబ్‌సైట్‌లోనే ఏ కోర్సుకి ఎలాంటి కంప్యూటర్ కావాలో ఒక పేజీ ఉంటుంది, అది చదవకుండా కొన్నవాళ్ళే ఎక్కువ. డేటా సైన్స్ అనగానే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎవరు చెప్పారో గానీ, పెద్ద మోడల్స్ ట్రైన్ చేసేది యూనివర్సిటీ సర్వర్ మీద, లేకపోతే గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్ లోనే జీపీయూ, అంటే ఆ గ్రాఫిక్స్ చిప్పే, ఇస్తారు. లాప్‌టాప్ అక్కడ కిటికీ లాంటిది మాత్రమే. మెకానికల్, సివిల్ వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డిజైన్లు గీసే సాలిడ్‌వర్క్స్ గానీ రెవిట్ గానీ విండోస్ మీదే నడుస్తాయి, వాళ్ళు మోజుపడి మ్యాక్ కొంటే తర్వాత ఏడవాలి. పరీక్షలకి లాక్‌డౌన్ బ్రౌజర్ అని ఒకటి పెడతారు, పరీక్ష అయ్యేదాకా ఇంకేదీ తెరవనివ్వదు, అది లినక్స్‌లో నడవదు, కాబట్టి లినక్స్ పిచ్చి ఉన్నవాళ్ళు విండోస్ కూడా ఉంచుకోండి.

సరే, పాతది లేదు, కొనాల్సిందే అంటే? అప్పుడు డబ్బాల మీద స్టిక్కర్లు చదవడం రావాలి. షాపతను ఐ5 బాబూ, ఐ7 బాబూ అంటాడు, అవి ఇంటెల్ ప్రాసెసర్ల పేర్లు, ఆ మాటకి అర్థం సగమే, వెనకాల ఉన్న నంబర్ మొత్తం చదవాలి. ఐ7-7500యు అని పాతది ఒకటుంది, దాంట్లో కోర్లు, అంటే లోపల పనిచేసే మెదళ్ళు, రెండే, దాని మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు కూడా. అదే ఐ3-1215యు లో ఆరు కోర్లు. అంటే ఐ3 ఆ ఐ7ని కొట్టేస్తుంది, కానీ సెకండ్ హ్యాండ్ షాపులో ఐ7 అనే పేరుకే రేటు ఎక్కువ చెప్తారు. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్‌లో అయితే ఇంకా గమ్మత్తు. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు పక్కపక్కనే పెడతారు, రెండూ ఏడువేల సిరీస్, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడో అంకె చూడండి. అక్కడ 2 ఉంటే జెన్ 2, పాత డిజైన్, నాలుగు కోర్లు. 3 ఉంటే జెన్ 3, ఆరు కోర్లు. ఈ ఒక్క అంకె తెలియక మా తమ్ముడి స్నేహితుడు రెండు వేలు తక్కువకి వచ్చిందని మొదటిదాన్ని తెచ్చుకుని ఊరంతా చూపించాడు పాపం.

ర్యామ్ 8 జీబీకి తక్కువ ముట్టుకోవద్దు, చదువుకి వెళ్ళేవాళ్ళకి 16 ఉంటే నాలుగేళ్ళు ఆలోచించక్కర్లేదు. స్టోరేజీ పాత హార్డ్ డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ అయి ఉండాలి, 512 జీబీ అయితే బాగుంటుంది, 256 అయినా బతకొచ్చు. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి.

నాలుగైదేళ్ళ కిందట నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడే సేల్‌లో తెల్లారకుండా లైన్‌లో నిలబడి మా మేనకోడలికని ఒక లాప్‌టాప్ కొన్నా. చాలా చవక, కొత్తది, తళతళలాడుతోంది, నేనేదో గెలిచేసినట్టు మా ఆవిడకి ఫోన్ కూడా చేశా. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ. ఆ ఈఎమ్ఎమ్‌సీ అనే మాట నేను చదివాను, ఎస్ఎస్‌డీ లాంటిదేలే అనుకున్నా. కాదు, అది ఫోన్లలో మెమరీ కార్డుకి దగ్గర చుట్టం. ఆర్నెల్లలో విండోస్ అప్‌డేట్ దిగడానికి చోటు లేదని గోల. పిల్ల ఆన్ చేసి, స్నానం చేసి వచ్చేసరికి తెరుచుకునేది. మా బావగారు దాన్ని బస్సులో బరంపురం తీసుకెళ్తే అక్కడి కుర్రాడు విప్పి చూసి, "ర్యామ్ బోర్డుకే అతికించేశారండి, స్టోరేజీ కూడా అంతే, మనం ఏటీ మార్చలేం" అన్నాడట. బావగారు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటినుంచి ఏది కొన్నా ముందు అడిగే ప్రశ్న, ర్యామ్ మార్చుకోవడానికి స్లాట్ ఉందా, ఎస్ఎస్‌డీ మార్చొచ్చా అని. కొత్త పల్చటి మోడల్స్‌లో చాలావాటికి ర్యామ్ స్లాట్ ఉండదు, అలాంటప్పుడు మొదటే ఎక్కువ ర్యామ్ ఉన్నది తీసుకోవాలి.

అమెరికాలో కొనేవాళ్ళకి, షెల్ఫ్ మీద రాసిన రేటుకి టాక్స్ కలవదు. మా టెక్సాస్ వైపు 8.25 శాతం పడుతుంది, అంటే 600 డాలర్ల లాప్‌టాప్‌కి ఇంకో 49 డాలర్ల 50 సెంట్లు. ఒరెగాన్, డెలావేర్ లాంటి చోట్ల సేల్స్ టాక్స్ లేదు, అక్కడికి వెళ్ళేవాళ్ళ అదృష్టం. జూలై, ఆగస్టుల్లో స్కూళ్ళ సీజన్ తగ్గింపులుంటాయి, అంటే మీరు దిగే టైమే, నవంబర్ దాకా ఆగక్కర్లేదు. యూనివర్సిటీ ఈమెయిల్ వచ్చాక కొనండి, స్టూడెంట్ డిస్కౌంట్లు దాంతోనే, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కూడా చాలా యూనివర్సిటీలు ఊరికే ఇస్తాయి, షాపులో దానికి డబ్బు కట్టొద్దు.

డబ్బు బాగా బిగువు అయితే కంపెనీలు వాడి తిరిగిచ్చినవి రీఫర్బిష్డ్ అని అమ్ముతారు, థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్ లాంటివి. నా సొంత ఓటు వాటికే. కీబోర్డు గట్టిది, చాలావాటికి వెనక మూత విప్పితే పార్టులు మార్చుకోవచ్చు. విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి విండోస్ 11 ఎక్కేదే కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జెనరేషన్ నుంచి పైవే చూడండి (పైన చెప్పిన 7500యు ఏడోది). కొనే ముందు బ్యాటరీ పరీక్ష ఒకటి ఉంది, కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఫైల్ తయారవుతుంది, అందులో కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది రెండూ ఉంటాయి. సగానికి పడిపోతే బ్యాటరీ ఖర్చు కూడా లెక్కేసుకుని బేరమాడండి.

ఇక్కడినుంచి పట్టుకెళ్ళేవాళ్ళు వోల్టేజీ గురించి భయపడొద్దు. మనది 230, వాళ్ళది 120, కానీ చార్జర్ ఇటుక మీద 100-240 అని రాసి ఉంటుంది చూడండి, అది రెండింటికీ పనిచేస్తుంది. మారేది గోడకి పెట్టే పిన్ను ఒక్కటే. బరువైన కన్వర్టర్ ఎవరో అంటగడతారు, కొనొద్దు, ఒక చిన్న పిన్ అడాప్టర్ పట్టుకెళ్ళి, తర్వాత ఇటుక నుంచి గోడ దాకా ఉండే తీగ ఒక్కటీ అక్కడిది కొనుక్కుంటే సరి. లాప్‌టాప్, పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి. వారంటీ మాత్రం చాలా కంపెనీలది కొన్న దేశం వరకే, బిల్లు మీద ఇంటర్నేషనల్ అని ఉందో లేదో అడిగి చూడండి, ఇక్కడ కొని అక్కడ పాడైతే ఎవడికి చూపిస్తారు?

అదే కారణంతో ఇంట్లోవాళ్ళకి మాత్రం నేను ఇప్పుడు అమెరికా నుంచి తేను. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు నిజమే, కానీ పాడైతే మా అమ్మ ఎక్కడికి తీసుకెళ్తుంది? కాబట్టి మేనకోడలికి ఈసారి మాత్రం బరంపురంలోనే కొన్నాం, సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందు చూసుకుని. తెర ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, ఎందుకంటే పాత రకం తెరలు పక్కనుంచి చూస్తే బొమ్మ నల్లబడిపోతుంది, మా ఇంట్లో వీడియో కాల్ అంటే ఐదుగురు ఒకేసారి కూర్చుంటారు. కరెంటు పోయినా మూడు గంటలు లాగుతుంది, వైఫై పోతే ఫోన్ హాట్‌స్పాట్. స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు కదా, విండోస్ సెట్టింగ్స్‌లో రెండు భాషలూ ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాల్లో పలికినట్టు కొట్టే) కీబోర్డులతో సహా ఊరికే ఉన్నాయి, విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే మారిపోతాయి. గిడుగు రామ్మూర్తి పంతులు గారు మాస్టారుగా చేసిన ఈ పర్లాకిమిడిలో పిల్లలు తెలుగు టైపు రాదంటే నాకు ఊరుకోబుద్ధి కాదు, పక్కన కూర్చోబెట్టి అమ్మకి ఉత్తరం రాయించాను, ఒత్తులన్నీ తప్పులే.

గేమింగ్ లాప్‌టాప్ బాబు సంగతా? వాళ్ళ అక్క పాతది తెచ్చాడు, పదో జెనరేషన్ ఐ5, 8 జీబీ. రిపోర్ట్ తీస్తే బ్యాటరీ డెబ్భై శాతం ఉంది. ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ వేయించుకోమన్నా. వాళ్ళ నాన్న కాఫీ తాగకుండానే లేచిపోతుంటే ఆపి మరీ తాగించాం.