రిటైరైన తల్లిదండ్రుల ఆరోగ్య బీమా: ప్రీమియంలో ఎక్కడ కోత పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 68, అమ్మగారికి 64. రిటైరయ్యాక హైదరాబాదు వదిలి రాజమండ్రిలో ఉంటున్నారు. ఇద్దరికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (ఇద్దరూ పంచుకునే ఒకే పాలసీ) తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. ఈసారి రెన్యువల్‌కి 78,000 అడిగారు. కో-పే (ప్రతి బిల్లులో ఇంత శాతం మనమే కట్టాలన్న షరతు) ఉన్న చవక పాలసీకి మారిపొమ్మని ఏజెంటు అంటున్నాడు, మారాలా?

మారకండి. తొమ్మిదేళ్లు తెగకుండా నడిచిన పాలసీ అంటే వెయిటింగ్ పీరియడ్లన్నీ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) తీరిపోయాయి. 60 నెలల మారటోరియం కూడా దాటింది కాబట్టి, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదన్న పేరుతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. 68 ఏళ్ల వయసులో ఈ హక్కు మళ్లీ డబ్బు పెట్టినా దొరకదు. ప్రీమియం తగ్గించే దారులు వేరే ఉన్నాయి.

ముందు రెన్యువల్ నోటీసు తీసి పంక్తి పంక్తి చదవండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. (బ్యాంకు రిటైరీల గ్రూపు పాలసీల్లాంటి వాటికి ఈ మినహాయింపు ఇవ్వలేదు.) ఇక్కడ చాలామంది పొరబడతారు. పోయినేడు మీరు 70,800 కట్టారనుకుందాం. అందులో అసలు ప్రీమియం 60,000, జీఎస్టీ 10,800. ఈ ఏడు జీఎస్టీ లేకుండానే 78,000 అడిగితే, పైకి పది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి పెరిగింది 30 శాతం. అసలును అసలుతోనే పోల్చాలి.

ఎందుకు పోల్చాలంటే, 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరి 30న కంపెనీలకు ఆదేశమిచ్చింది. మీ లెక్కలో పెంపు అంతకు మించితే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. నాలుగు ప్రశ్నలు చాలు: పోయినేటి అసలు ప్రీమియం ఎంత, ఈ ఏటిది ఎంత, తేడాలో వయసు శ్లాబు మారినందుకు ఎంత, ధరల సవరణకు ఎంత. జవాబు కాగితం మీద తీసుకోండి. ఫోన్లో చెప్పింది తర్వాత పనికిరాదు. జవాబు రాకపోయినా, దాటవేసినా బీమా భరోసా పోర్టల్లో గానీ 155255 నంబరులో గానీ ఫిర్యాదు చేయొచ్చు.

అదే నోటీసులో రైడర్లు (అదనపు కవర్లు) చూడండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు తీసుకున్న ప్రసూతి కవర్, రోజువారీ ఆసుపత్రి నగదు, విదేశీ వైద్యం లాంటివి ఇంకా సాగుతూ ఉంటాయి. అవి తీసేయించండి. గ్లోవ్స్, సిరంజీల్లాంటి వినియోగ వస్తువుల ఖర్చు ఇచ్చే రైడర్ మాత్రం ఉంచుకోవడం మేలు. పెద్దవాళ్లు ఐసీయూలో ఉంటే ఆ బిల్లు చిన్నదిగా ఉండదు.

తర్వాత చిరునామా. చాలా కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీసి ధర పెడతాయి. మీ పాలసీలో ఇంకా హైదరాబాదు అడ్రసే ఉంటే, ఆధార్‌లో రాజమండ్రికి మార్పించి జోన్ సవరించమని అడగండి. కానీ ఒప్పుకునే ముందు ఒక షరతు చదవాలి: కింది జోన్‌లో ప్రీమియం కట్టి పై జోన్ నగరంలో వైద్యం చేయించుకుంటే కొన్ని పాలసీల్లో ఇంత శాతం మనమే భరించాలని ఉంటుంది. పెద్ద ఆపరేషన్‌కి హైదరాబాదే వెళ్తారనుకుంటే ఆ షరతు ఉన్న పాలసీలో జోన్ మార్చకండి.

ఇక ఏజెంటు చెప్పిన కో-పే. 20 శాతం కో-పే పెట్టుకుంటే ఏటా 10,000 తగ్గుతుందనుకుందాం. ఒక్క 5 లక్షల బిల్లు వస్తే మీ జేబు నుంచి లక్ష పోతుంది, పదేళ్ల ఆదా ఒక్క అడ్మిషన్‌తో సరి. పైగా బిల్లు పెరిగేకొద్దీ మన వాటా కూడా పెరుగుతుంది, దానికి పైహద్దు లేదు. నా దృష్టిలో పెన్షను మీద బతికేవాళ్లకు ఇది అన్నిటికన్నా చెడ్డ కోత.

గది అద్దె పరిమితి కూడా అలాంటిదే. పాలసీలో రోజుకు 5,000 పరిమితి ఉండగా 8,000 గది తీసుకున్నారనుకోండి. తేడా 3,000 మాత్రమే మనం కట్టుకుంటాం అనుకుంటారు. అలా కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటి ఖర్చులన్నీ ఎనిమిదింట ఐదు వంతులకే లెక్కగడతారు. నాలుగు రోజుల గది 32,000, ఆ ఖర్చులు 1,60,000, మందులూ పరీక్షలూ ఇంప్లాంటూ కలిపి లక్ష అయితే మొత్తం బిల్లు 2,92,000. వచ్చేది గదికి 20,000, ఖర్చులకు లక్ష, మందులూ పరీక్షలకు పూర్తిగా లక్ష, అంటే 2,20,000. మీరు కట్టేది 72,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద, ఐసీయూ చార్జీల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదని నిబంధన ఉంది. డిశ్చార్జి దగ్గర లెక్క చూసుకునేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

నిజంగా భారం దించేది సూపర్ టాప్-అప్, అంటే ఒక మొత్తం (డిడక్టిబుల్) దాటిన ఖర్చును ఇచ్చే పాలసీ. అసలు పాలసీ 5 లక్షలు ఉంచుకుని, 5 లక్షల డిడక్టిబుల్‌తో 15 లేదా 20 లక్షల సూపర్ టాప్-అప్ తీసుకుంటే కవర్ పెరుగుతుంది, మొత్తం ప్రీమియం మాత్రం ఒకే పెద్ద పాలసీకన్నా సాధారణంగా తక్కువ పడుతుంది. పేరులో 'సూపర్' ఉందో లేదో తప్పకుండా చూడండి. ఏడాదిలో ఒకసారి 4 లక్షలు, ఇంకోసారి 3 లక్షలు ఖర్చయితే సూపర్ టాప్-అప్ రెండూ కలిపి 7 లక్షలుగా లెక్కేసి 2 లక్షలు ఇస్తుంది. మామూలు టాప్-అప్ ఒక్కో అడ్మిషన్‌ను విడిగా చూస్తుంది, రెండూ 5 లక్షల లోపే కాబట్టి రూపాయి కూడా రాదు.

కానీ వరుస తప్పితే నష్టపోతారు. సూపర్ టాప్-అప్ కొత్త పాలసీ. దానికి మొదటి 30 రోజులు, మోకాలి మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా లాంటివాటికి రెండు మూడేళ్లు, ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది. అందుకని ఈ ఏడు 10 లక్షల పాలసీని కదిలించకుండా పక్కన సూపర్ టాప్-అప్ తీసుకోండి. దాని వెయిటింగ్ తీరిన తర్వాతే అసలు పాలసీని 5 లక్షలకు దించండి. తొందరపడి ఇప్పుడే దించితే, మళ్లీ పెంచాలన్నప్పుడు వైద్య పరీక్షలు అడుగుతారు, పెంచిన మొత్తానికి వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. దించినప్పుడు, క్లెయిమ్ లేని ఏళ్లకు కూడిన బోనసు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని లెక్కలో పెట్టుకోండి. రెండు పాలసీల తేదీలూ ఒకటే ఉండేలా చూడండి, లేకపోతే ఏ ఖర్చు ఏ ఏడాది డిడక్టిబుల్‌లోకి వస్తుందన్న తగాదా వస్తుంది. ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ, థైరాయిడ్, పాత స్టెంటు, వాడే మాత్రలు అన్నీ రాయండి. ఏజెంటు చేత నింపించకండి. కొత్త పాలసీకి మారటోరియం మళ్లీ మొదటినుంచి లెక్క.

మీ కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులు ఉంటే దాన్నే కింది 5 లక్షలకు వాడుకుని అసలు పాలసీ మానేయొచ్చు కదా అని ఐటీలో ఉన్న పిల్లలు అడుగుతుంటారు. ఉద్యోగం మారినా, కంపెనీ తల్లిదండ్రుల కవర్ ఎత్తేసినా ఆ రోజే అది పోతుంది. అప్పుడు 70 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ వెతకాలి. సొంతది చిన్నదైనా ఉండాలి.

నాన్నగారికి 70 నిండాక ఆయుష్మాన్ వయ వందన కార్డు (ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకోండి. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో సంబంధం లేదు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. ఏడాదికి 5 లక్షలు, పాత జబ్బులకు వెయిటింగ్ లేదు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు, సందేహాలకు 14555. అమ్మగారికి కూడా 70 వచ్చేదాకా ఇది నాన్నగారికి మాత్రమే. మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ముందే చూడండి. దీన్ని చూసుకుని ప్రైవేటు పాలసీ మానేయకండి.

ఇన్ని చేసినా ధర మోయలేనంత ఉంటే పోర్టింగ్, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం. రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. పాత పాలసీ కాపీలు, క్లెయిముల చరిత్ర, డిశ్చార్జి సమ్మరీలు జతచేయాలి. తీరిన వెయిటింగ్ కొత్త చోట కూడా లెక్కకొస్తుంది, కానీ పాత బీమా మొత్తం మేరకే. వయసు, జబ్బులు చూసి కొత్త కంపెనీ కాదనొచ్చు. కాబట్టి రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా పాతది వదలొద్దు, గడువు దగ్గరపడితే పాతదే కట్టేయండి. ఏడాది ప్రీమియానికి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది, పాలసీ తెగినట్టు కాదు. కానీ ఆ గ్రేస్ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు.

చివరిగా పన్ను. మీరు పాత పన్ను విధానంలో ఉండి, డబ్బు మీ ఖాతా నుంచి వెళితే, సీనియర్ తల్లిదండ్రుల ప్రీమియానికి ఆదాయపు పన్నులో 50,000 దాకా మినహాయింపు వస్తుంది. నగదుగా కడితే రాదు. రెండు మూడేళ్లకు ఒకేసారి కడితే కంపెనీలు కొంత తగ్గిస్తాయి, ఆ కాలమంతా ధర కూడా మారదు. మినహాయింపు మాత్రం ఏటేటా సమానంగా పంచుకోవాలి. పోర్టింగ్ ఆలోచన ఉంటే మటుకు ఏడాదికే కట్టండి.