సెర్చ్ బాక్స్ ఉంది, వ్యాసం మాత్రం దొరకదు

ప్రశ్న: మా వెబ్‌సైటులో రెండు వేల తెలుగు వ్యాసాలున్నాయి. సెర్చ్‌లో ‘పుస్తకం’ అని కొడితే ‘పుస్తకాలు’ అని ఉన్నవి రావడం లేదు. ‘సాఫ్ట్‌వేర్’ అని వెతికితే, శీర్షికలోనే ఆ మాట ఉన్న వ్యాసం కూడా కనిపించడం లేదు. డబ్బు పెట్టి పెద్ద సెర్చ్ సర్వీసు తీసుకోవలసిందేనా?

జవాబు: అవసరం లేదు. రెండు వేల వ్యాసాలకు పోస్ట్‌గ్రెస్, సీక్వెలైట్ వంటి డేటాబేసుల్లో ఉన్న ఫుల్ టెక్స్ట్ సెర్చ్ సరిపోతుంది. ఏ మాట ఏయే వ్యాసాల్లో ఉందో చెప్పే పదసూచికను అది ముందే తయారు చేసి పెట్టుకుంటుంది. మీ చిక్కు ఆ సూచికలోకి మాటలు చేరే తీరులో ఉంది.

రెండో సమస్య కంటికి కనబడనిది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద వత్తు పడకుండా కొందరు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. సూచికలోకి చేర్చేటప్పుడూ, పాఠకుడు కొట్టిన మాటలోనూ దాన్ని తొలగించండి. ఒక్కవైపే తొలగిస్తే ఇప్పుడు దొరుకుతున్నవి కూడా దొరకవు.

మొదటిదానికి చివరి సున్నాను తీసేసి, ‘పుస్తక’తో మొదలయ్యే మాటలన్నిటినీ వెతికించండి, పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకంలో అన్నీ చిక్కుతాయి. అయితే ఇదే ఉపాయంతో ‘రంగం’ అని వెతికినవారికి ‘రంగు’ కూడా వచ్చిపడుతుంది. అందుకే కొట్టిన మాట ఉన్నది ఉన్నట్టుగా కలిసిన వ్యాసాలను, వాటిలోనూ శీర్షికలో కలిసినవాటిని పైన చూపాలి. నా దృష్టిలో మిగిలిన హంగులన్నిటికంటే ఈ వరుసే ముఖ్యం.

పాఠకుడు అక్షరదోషంతో కొట్టిన మాటలకూ ఉపాయముంది. రెండు మాటల మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉందో కొలిచే పద్ధతిని రష్యన్ శాస్త్రజ్ఞుడు లెవెన్‌స్టైన్ 1965లోనే ప్రతిపాదించారు. ఫలితాలేవీ రానప్పుడు మాత్రమే దాన్ని వాడి, ఒక్క అక్షరం తేడాను మన్నించండి. మొదటి నుంచీ వాడితే పొంతన లేని వ్యాసాలు పోగవుతాయి. ఫలితాల పేజీలో పాఠకుడు కొట్టిన మాట బాక్సులో అలాగే ఉండాలి, దిద్దుకోవడానికి.

తేదీ, విభాగం వంటి ఫిల్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఏ ఫలితమూ రాని మాటలను ఒక నెలపాటు నమోదు చేయండి. ఫిల్టర్లు కావాలో, పర్యాయపదాల పట్టిక కావాలో ఆ జాబితా చూశాక నిర్ణయించుకోవచ్చు.