లీలాశుకుడి ప్రేమకథ నాటకంలో నది దాటే ఘట్టం స్టేజీ మీద ఎలా చూపించాలి?

విజయవాడలో కాలనీవాళ్ళం వేస్తున్నాం, బిల్వమంగళుడు (లీలాశుకుడే) గాలివానలో నది దాటి, తాను మోజుపడ్డ వేశ్య చింతామణి ఇంటికి చేరే ఘట్టానికి వెనక ఎల్‌ఈడీ తెర సరిపోతుందా అని అడిగారు. చాలదండీ. తెర మీద నది పారుతుంటే నటుడు దాని ముందు నడుస్తాడు తప్ప అందులో దిగడు.

వన్‌టౌన్‌లో ముదురు నీలం లైనింగు గుడ్డ తీసుకోండి. మందం గుడ్డ అల లేవదు. స్టేజీ వెడల్పు కొలిచి, రెండు పక్కలా ఆరేసి అడుగులు వింగుల్లోకి పోయేలా రెండు పట్టీలు కావాలి. ముందుది మోకాలెత్తున, నాలుగడుగుల వెనక ఇంకోటి నడుమెత్తున. నటుడు మధ్యలోంచి రావాలి. ఒక కొస పట్టుకున్నవాడు విదిలిస్తే రెండోవాడు బిగబట్టాలి. ఇద్దరూ ఒకేసారి లేపితే చీర ఆరేసినట్టుంటుంది. లైటు వింగుల్లోంచి కిందగా పక్కనుంచే పడాలి. ఎదురుగా వేశారా, గుడ్డ ముడతలన్నీ బయటపడతాయి.

దుంగ అనుకుని అతను పట్టుకునే శవానికి ఎండుగడ్డి కూరి తెల్లగుడ్డ చుట్టండి. నడుం దగ్గర మూడు కిలోల ఇసుక సంచి కుట్టకపోతే గుడ్డతోపాటు ఎగురుతుంది. ఉరుముకి ఆరడుగుల జీఐ రేకు వేలాడదీసి కింది అంచు ఊపండి. ముందు మెరుపు, ఒకటి రెండు క్షణాలాగి ఉరుము. తాడనుకుని పామును పట్టుకుని ఎక్కేచోట, కాలు నేల వదలగానే లైట్లు ఆర్పేయండి. పైదాకా ఎక్కించొద్దు, దూలం ఊగుతుంది.

ఇంత హోరులో పద్యం పెట్టకండి. పెట్టినా చివర రాగం సాగదీసి వన్స్‌మోర్ కోసం చూసే జబ్బు మాన్పించండి, వాన ఊపంతా అక్కడే చచ్చిపోతుంది.

అసలు ఈ రాత్రి చింతామణిది. కాళ్ళకూరి నారాయణరావు గారి 'చింతామణి'ని 2022 జనవరిలో నిషేధించినప్పుడు గొడవంతా అందులోని హాస్యపాత్ర సుబ్బిశెట్టి మీదే. జనం గుర్తుపెట్టుకున్నదీ అతన్నే. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల స్థానం నరసింహారావు గారు కట్టిన వేషం మాత్రం చింతామణిది. లీలాశుకుడు రాసిన 'శ్రీకృష్ణకర్ణామృతం' మొదటి శ్లోకం 'చింతామణిర్జయతి' అనే మొదలవుతుంది, గురువు సోమగిరి పేరు ఆ తర్వాతే. మీరు కొత్తగా రాసుకుంటున్నారు కాబట్టి, తన మీద పెట్టుకున్న ఈ వెర్రి కృష్ణుడి మీద పెట్టమని ఆమె మందలించే మాటలకు కనీసం మూడు నిమిషాలివ్వండి. అప్పుడు హార్మోనియం ఆపించండి. కాలర్ మైకు పమిట కింద పెడితే గరగరలాడుతుంది, జుట్టులో పాపిటి దగ్గర దోపి టేపు వేయండి.