మాట వినపడదు, మోత ఆగదు: ఇంట్లో సినిమా శబ్దం సంగతి

ప్రశ్న: థియేటర్లో చూసిన సినిమానే ఇంట్లో టీవీలో మళ్లీ చూస్తే సంభాషణలు గొణుగుడులా వినిపిస్తున్నాయి. వాటి కోసం సౌండ్ పెంచితే, మరుక్షణమే పోరాట దృశ్యం వచ్చి పక్క గదిలోని పాప ఉలిక్కిపడి లేస్తోంది. సినిమా పూర్తయ్యేదాకా రిమోట్ కింద పెట్టే వీలే ఉండడం లేదు. లోపం టీవీదా, సినిమాదా? సౌండ్ బార్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?

జవాబు: ముందుగా సినిమాకు మిక్సింగ్ (మాటలు, సంగీతం, ఇతర శబ్దాలను తగిన పాళ్లలో కలపడం) జరిగే గదిని గురించి చెప్పాలి. అక్కడ తెర వెనుకనున్న ఒక్కో స్పీకర్‌ నుంచి ‘పింక్ నాయిస్’ అనే ప్రామాణిక హోరు 85 డెసిబెళ్ల స్థాయిలో వినిపించేలా సరిచేస్తారు. ఆ హోరు డిజిటల్ రికార్డింగ్‌లో పట్టే గరిష్ఠ స్థాయికి 20 డెసిబెళ్లు దిగువన ఉంటుంది కనుక, ఒక్కో స్పీకర్ 105 డెసిబెళ్ల దాకా మోగగలదు. మామూలు సంభాషణలు 75 డెసిబెళ్లకు అటూ ఇటూ ఉంటాయి. అంటే మాటకూ పేలుడుకూ మధ్య ముప్పై డెసిబెళ్ల ఎడం ఉండవచ్చు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దం దాదాపు రెట్టింపైనట్టు చెవికి తోస్తుంది కాబట్టి, ఈ ఎడం ఎనిమిది రెట్లకు సమానం.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. రాత్రివేళ ఇంట్లో 75 డెసిబెళ్ల మాటలు ఎవరూ భరించరు. 60 దగ్గర పెట్టుకుంటారు. దానితో అన్నీ పదిహేను మెట్లు దిగుతాయి. థియేటర్లో 55 దగ్గర ఉన్న గుసగుస ఇంట్లో 40కి పడిపోయి, ఫ్యాను, ఫ్రిజ్ చేసే రొదలో కలిసిపోతుంది. 105 దగ్గరి పేలుడు మాత్రం 90కి దిగినా పాపను లేపడానికి చాలినంతగానే ఉంటుంది. థియేటర్ గోడలు బయటి రొదను ఆపుతాయి, అక్కడ నిద్రపోయేవారూ (సినిమా మరీ బాగాలేకపోతే తప్ప) ఉండరు. అందుకే అంత ఎడం అక్కడ ఇబ్బంది పెట్టదు. నిజానికి ప్రేక్షకుల ఫిర్యాదులకు జడిసి చాలా థియేటర్లలోనూ శబ్దాన్ని అదుపు చేసే డాల్బీ ప్రాసెసర్ వాల్యూమ్‌ను ప్రామాణికమైన 7 దగ్గర కాకుండా 5 దగ్గరే ఉంచుతారు. ఆ రెండు అంకెల తేడా ఆరేడు డెసిబెళ్లు.

టీవీ పాత్ర కూడా తక్కువేమీ కాదు. 5.1 (ఐదు స్పీకర్లు, లోతైన మోతకు ఒక సబ్‌వూఫర్) మిక్స్‌లో సంభాషణలు దాదాపు పూర్తిగా సెంటర్ స్పీకర్‌కే కేటాయిస్తారు. రెండే స్పీకర్లున్న టీవీలో ఆ సెంటర్ శబ్దాన్ని కుడి ఎడమలకు పంచి, నేపథ్య సంగీతంతో కలిపేస్తారు. పైగా పలుచని టీవీల స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అచ్చులు మాటకు బిగ్గరతనాన్నిస్తే, స, త, క, ప వంటి హల్లులు స్పష్టతనిస్తాయి. ఆ హల్లుల్లోని సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులే గోడకు కొట్టుకుని వచ్చేసరికి మొద్దుబారిపోతాయి. మీరు గొణుగుడు అంటున్నది ఇదే. వాల్యూమ్ పెంచితే అచ్చులే ఇంకా గట్టిగా వినిపిస్తాయి తప్ప హల్లులు తేటపడవు.

ఒకే టీవీలో ఒక సినిమా బాగుండి మరొకటి విసిగించడానికి వేరే కారణముంది. ఓటీటీల కోసం కొన్నిటికి చిన్న గదిలో, దగ్గరి స్పీకర్ల ముందు కూర్చుని విడిగా మిక్స్ చేస్తారు. నెట్‌ఫ్లిక్స్ అయితే సంభాషణల సగటు స్థాయి, బిగ్గరతనాన్ని డిజిటల్ గరిష్ఠంతో పోల్చి కొలిచే ప్రమాణంలో, మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్‌కు 2 అటూ ఇటూ ఉండాలని నియమం పెట్టింది. థియేటర్ మిక్స్‌నే నేరుగా ఎక్కించినప్పుడు మీ తిప్పలు మొదలవుతాయి. నటుడే పెదవి కదపకుండా మాట్లాడితే మాత్రం ఏ పరికరమూ చేయగలిగింది లేదు.

ఖర్చు పెట్టే ముందు టీవీ సెట్టింగుల్లో ‘నైట్ మోడ్’, ‘ఆటో వాల్యూమ్’ వంటివి వెతకండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది. ఇవి పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్నవాటిని పైకి తెస్తాయి. ఆడియో ట్రాకుల్లో 5.1, స్టీరియో రెండూ ఉంటే స్టీరియోను ఎంచుకోండి. సెంటర్ స్పీకర్ లేకుండానే సెట్‌టాప్ బాక్స్ వంటి పరికరం 5.1 పంపేలా సెట్ చేసి ఉంటే మాటలు దాదాపు మాయమవుతాయి. కొన్ని ఇళ్లలో అసలు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతే సౌండ్ బార్ కొనవచ్చు, అయితే అది కనీసం 3.1 రకమై ఉండాలి. మొదటి అంకె 3 అంటే సంభాషణలకు ప్రత్యేకంగా మధ్య ఛానెల్ ఉందని అర్థం. దాని స్థాయిని మాత్రమే రెండు మూడు డెసిబెళ్లు పెంచుకోగలిగితే మిగతావాటిని కదపనక్కర్లేదు. 2.1 రకం బార్‌తో మోత నిండుదనం పెరుగుతుందే గాని, మాట విడిగా వినిపించదు. నైట్ మోడ్‌లో పోరాట దృశ్యాలు కాస్త చప్పబడతాయి కనుక, పాప మెలకువగా ఉన్న పూట దాన్ని ఆపేసి చూడండి.