రష్యన్ స్వరకర్త రాక్మానినోవ్ రెండో పియానో కన్సర్టోకు (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) ఇన్ని రికార్డింగులుంటే, మంచిది ఏదో ఎలా తేల్చుకోవాలి?

మొదటి నిమిషంలోనే చాలా తెలిసిపోతుంది. పియానో ఒంటరిగా గంటలు మోగినట్టు స్వరాల గుత్తులతో మొదలుపెడుతుంది. వినీ వినిపించనట్టు మొదలైన ఆ మోత మెట్టు మెట్టుగా పెరిగి హోరు కావాలి. రెండో గుత్తినే గట్టిగా కొడితే ఇక ఎక్కడానికి మెట్లుండవు.

తర్వాత అసలు పాట తీగవాద్యాలదీ క్లారినెట్‌దీ. పియానో కింద అలల్లా సాగుతూ తోడునిస్తుంది, అంతే. మైకును పియానోకు మరీ దగ్గరగా పెట్టిన రికార్డుల్లో అలలే వినిపిస్తాయి, పాట వెనక్కి పోతుంది. నాకు ఇది పెద్ద లోపం.

రెండో భాగంలో ముందు ఫ్లూట్, ఆపైన క్లారినెట్ రాగం అందుకుంటాయి. క్లారినెట్ ఊపిరి తీసుకునే చోట పియానో వేళ్లు కూడా రవ్వంత ఆగుతున్నాయా? ఆగితే ఆ ఇద్దరూ ఒకరినొకరు వింటున్నారన్నమాట. నేను ముందుగా వెతికేది దీన్నే.

వేగాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. 1929లో స్టకోవ్‌స్కీ నిర్వహణలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో స్వరకర్తే స్వయంగా వాయించిన రికార్డింగులో సాగతీత లేదు, రాగం ముందుకు నడుస్తూనే ఉంటుంది. 1959లో వార్సాలో పియానిస్టు రిక్టర్ మొదట్లోని ఆ గంటలను ఎంతో నెమ్మదిగా మోగించాడు, అయినా బిగువు సడలలేదు. రెండూ గొప్పవే.

పోల్చేటప్పుడు రెండింటి శబ్దస్థాయినీ సమానం చేసుకోండి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగైనదిగా చెవికి తోస్తుంది.